లోతు మిషను

పడవకు రాడార్ కావాలని ఉస్మాన్ పట్టుబట్టాడు. తెరచాప పడవకు రాడారేందని సాగర్ రేవులో జనం పగలబడి నవ్వారు.

మిషన్లు అమ్మే ఆరోగ్యస్వామి కాకినాడ నుంచి వచ్చాడు. ఒక చెక్కపెట్టె, ఒక లారీ బ్యాటరీ, రంగురంగుల కేటలాగు తెచ్చాడు. పిలిపించింది పడవ యజమాని వెంకట్రామయ్య, మాచర్ల ఆసామి. ఆ ఏడు అవతలి గట్టు మిర్చి అంతా తన పడవలోనే రావాలని ఆయన పంతం. అడ్డమల్లా ఒక్కటే. పడవ నడిపే ఉస్మాన్ నేరుగా పోడు. నీళ్ళ మధ్య తేలి ఉన్న కొండను చూడగానే చుక్కాని తిప్పేసి, ముప్పావు గంట చుట్టు తిరిగిగాని అవతలికి చేరడు.

ఎందుకయ్యా అంటే, నేరుగా పోతే కింద మునిగిన ఊరుందనీ, ఇళ్ళ గోడలు పడవ అడుగుకు తగులుతాయనీ చెప్పేవాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే మాట. ఆ చోట దయ్యాలున్నాయని పడవెక్కే ఆడవాళ్ళు చెప్పుకునేవారు. ఉస్మాన్ కాదనలేదు. కాదనకపోవడమే అతనికి లాభం.

ఆరోగ్యస్వామి రెండు మిషన్ల సంగతీ విడమరిచి చెప్పాడు. రాడార్ నీళ్ళ పైన ఉన్నది చూస్తుంది. ఎకో సౌండర్, అంటే లోతు మిషను, నీళ్ళ కింద ఉన్నది చూస్తుంది. రాడార్‌కు ఇంజను కావాలి, దాని ఖరీదు పెడితే ఇలాంటి పడవలు మూడొస్తాయి.

రోజుకు పది మాటలు మాట్లాడని ఉస్మాన్ ఆ పూట వంద మాట్లాడాడు. చలికాలం మంచు గురించి చెప్పాడు. ఎదురొచ్చే పుట్టి కనపడదన్నాడు. రాడారే మేలన్నాడు.

"నీళ్ళ పైన చూడ్డానికి నీ కళ్ళకేమొచ్చింది సాయిబూ?" అని నవ్వి, వెంకట్రామయ్య లోతు మిషను మీద చెయ్యి వేశాడు.

ఉస్మాన్ ముఖం పాలిపోయింది.

గోడల మాట అబద్ధం. మునిగిన ఊరు మాత్రం నిజం, అది ఉస్మాన్ ఊరే. ఊరి పక్కన బురుజు గుట్ట. గుట్ట మొదట్లో ఖబ్రస్తాన్. డ్యాం నీళ్ళు రావడానికి ఆర్నెల్ల ముందు కామెర్లతో పోయిన భార్య కుల్సుంను అక్కడే పెట్టాడు. బతికున్నవాళ్ళను సర్కారు లారీలెక్కించింది. చచ్చిపోయినవాళ్ళు అక్కడే ఉండిపోయారు.

జబ్బులో ఉన్నప్పుడు ఓసారి హడావిడిలో ఆమె చాప మీదుగా దాటాడు. పడుకున్న మనిషిని దాటతావా, మళ్ళీ ఇటు దాటు అని కుల్సుం పట్టుబట్టి వెనక్కి దాటించింది. ఆ నీరసపు గొంతు అతన్ని ఇంకా వదల్లేదు. బతికినన్నాళ్ళూ ఇక ఆమెను దాటకూడదు, అంతే. నీళ్ళు నిండాక రేవుకొచ్చి చూస్తే, ఊరంతా పోయి గుట్ట కొస ఒక్కటే పైకి మిగిలింది. దాని మీద బురుజు లేదు. రాళ్ళు ఎవరో పీక్కుపోయారనుకున్నాడు. ఆ కొసే గుర్తుగా పడవను దూరంగా తిప్పుకుపోవడం మొదలుపెట్టాడు.

మిషను బిగిస్తున్న ఆరోగ్యస్వామి పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"అన్నా, ఇది మనుషుల్ని చూపిస్తదా?"

"మట్టిని చూపిస్తుంది. మట్టి కింద ఉన్నవి చూపించదు."

ఉస్మాన్ తల ఊపాడు.

తెల్లారి వెంకట్రామయ్య పడవలో కూర్చుని నేరుగా పోనిమ్మన్నాడు. ఉస్మాన్ చెప్పులు విడిచాడు. కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ చుక్కాని పట్టాడు. మిషన్లో ముల్లు కాగితాన్ని కాలుస్తూ గీత గీస్తోంది. తేలి ఉన్న కొండ పక్కనుంచే పోయారు. గీత కదల్లేదు. ముప్పై బారల లోతున చాప పరిచినట్టు చదునైన నేల. గోడ లేదు, గుంట లేదు.

"గోడలేవి ఉస్మానూ?"

దాచి లాభం లేదు. ఉస్మాన్ ఏడ్చేశాడు.

"కింద మా ఇంటామె ఉందయ్యా. ఆమె మీదుగా ఎట్టా పోయేది?"

వెంకట్రామయ్యా పెళ్ళాం పోయినవాడే. కానీ మిర్చి బస్తాలు గట్టు మీద ఎదురుచూస్తున్నాయి. ఊరంతా ఒండ్రు కింద పూడిపోయి ఉంటుంది, ఇక ఎవరి మీదా పోతున్నట్టు కాదు, రేపటి నుంచి ఇదే దారి అని మెత్తగానే చెప్పాడు. ఆ మెత్తదనానికి ఉస్మాన్ ఎదురు చెప్పలేకపోయాడు.

"ఈ ఒక్కసారి పాత దారిన తిరిగి పోనియ్యండయ్యా," అన్నాడు.

సరేనన్నారు. తిరుగు ప్రయాణంలో ఉస్మాన్ ఎప్పటిలా దూరంగా చుట్టు తిప్పాడు. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి ఇక్కడికొచ్చాకే వదిలాడు. దూరాన తేలి ఉన్న కొండ వైపు తిరిగి చేతులు చాచి ఫాతిహా చదివాడు. ఇన్నేళ్ళు ఆమెను కాపాడుకున్నాననీ, రేపటి నుంచి తన చేతుల్లో లేదనీ, క్షమించమనీ అడిగాడు.

కాగితం మిగిలిందని ఆరోగ్యస్వామి మిషను ఆపలేదు. ఉన్నట్టుండి ముల్లు పైకి లేచింది. గీత గుండ్రంగా ఎక్కి, మీద నలుచదరంగా నిలబడి, మళ్ళీ గుండ్రంగా దిగింది. అతను కాగితం చింపి చూపించాడు.

"ఇక్కడ కింద గుట్ట ఉంది సాయిబుగారూ. దాని మీద బురుజులాంటి కట్టడం."

ఉస్మాన్ కాగితం చూశాడు. దూరాన తేలి ఉన్న కొండను చూశాడు. అది బురుజు గుట్ట కాదు, దాని వెనక దాగి ఉండే ఇంకేదో పెద్ద కొండ.

కుల్సుంను దాటకూడదని పద్దెనిమిదేళ్ళు, రోజుకు రెండుసార్లు, అతను పడవను తిప్పుకుపోయింది కుల్సుం మీదుగానే.