పొగల బేరగాడు

కాన్పు తర్వాత, సోమవారం నాడు ద్రౌపది మళ్ళీ చెరకు చేలోకి దిగాలి.

ఈలోగా కావలసిన పనులు చాలా ఉన్నాయి. గోనెసంచి విప్పి ఉయ్యాల కుట్టాలి. పగలంతా పిల్లని కనిపెట్టుకుని ఉండమని అంకమ్మ ముసలమ్మని బతిమాలాలి. చెక్కగోడ సందుల్లో గుడ్డపీలికలు కుక్కాలి. మధ్యాహ్నం పాలివ్వడానికి ఒక్కసారి వదలమని, కూలీలని అదిలించే సర్దారు మున్సామిని అడగాలి. అన్నిటికంటే ముందు, ఎక్కడైనా సరే, కాస్త సాంబ్రాణి సంపాదించాలి.

ఆ చివరి పనొక్కటే తెమలడం లేదు.

ఫీజీ దీవిలోని ఈ కూలీ లైన్ల ఇరుకు గదుల్లోనే పుట్టిన మొదటి పిల్లాడు, నీళ్ళు పోసినప్పుడల్లా జలుబు చేసి, దగ్గి దగ్గి, ఆఖరికి దక్కలేదు. తల సరిగ్గా ఆరకే అలా అయిందని ద్రౌపది నమ్మకం.

ఇప్పుడు ఈ పిల్ల తుమ్ముతోంది.

పెనాంగ్ చక్కెర మిల్లు పక్క కొట్లో ఉప్పుంది, పొగాకుంది, కిరసనాయిలుంది. సాంబ్రాణి పేరే వాళ్ళు వినలేదు.

"పొగేగా, నేను చూస్తాలే" అని మొగుడు బాలయ్య జామాకులు తెచ్చి తగలేశాడు. పిల్ల కంటే ముందు తనే దగ్గాడు.

ఆదివారం పొద్దున, నెరిసిన గడ్డంతో ఎవరో ఒకాయన గది ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో అరిటాకు పొట్లాలు.

"సాంబ్రాణి వెతుకుతున్నారట కదమ్మా. అలాంటి సరుకే తెచ్చాను. వాసన చూసి, నచ్చింది తీసుకో."

ద్రౌపది కుంపటి గుమ్మంలోకి జరిపింది. పక్కగది రత్తాలు వచ్చి చతికిలబడింది. సెలవునాడు అంతకంటే వేడుకేముంది?

మొదటి పొట్లంలో కొండమీది చెట్టు బంక. ఇక్కడి ఫీజీవాళ్ళు దివిటీలకి వాడేది. నిప్పుమీద పడగానే నల్లగా లేచింది పొగ.

"బాబోయ్, చాలు!" అంది రత్తాలు. "మిల్లు మొదలైందనుకుని తెల్లదొర కర్ర పుచ్చుకుని వస్తాడు!"

రెండోది ఎండిన నారింజ తొక్కలూ నిమ్మగడ్డీ కలిపి దంచిన పొడి.

ద్రౌపది పొగని చేత్తో ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. "బాగానే ఉంది గానీ, పులుపు వాసన."

"చారులో వేసుకోవే, కలిసొస్తుంది" అంది రత్తాలు.

మూడోది గంధపు చెక్క పొట్టు. ఈ దీవుల్లో దొరికిందే.

"గుడికెళ్ళినట్టుంది" అంది ద్రౌపది. "కానీ ఆ ఘాటు లేదయ్యా. దీంతో తల ఆరదు."

"దేవుడికి వేసుకో. ఆయనకి ఎలాగూ జలుబు చెయ్యదు" అంది రత్తాలు.

గడ్డమాయన కూడా నవ్వాడు. మొల దగ్గర పంచె ముడి విప్పబోయి ఆగాడు. మళ్ళీ విప్పాడు. అందులో గోధుమరంగు ముద్ద. గోటితో చిన్న పలుకు గిల్లి నిప్పుమీద వేశాడు.

తెల్లటి పొగ. ముందు ఘాటు తగిలింది, దాని వెనకే తీపి.

ద్రౌపది కళ్ళు మూసుకుంది. "ఇదే! ఇదే సాంబ్రాణి. ఎక్కడిదయ్యా?"

"దొరికింది."

"ఏమివ్వమంటావు?"

"ఏమీ వద్దమ్మా. పిల్లకి నీళ్ళు పోసి ఈ పొగ వేశాక, ఒక్కసారి మాడు వాసన చూడనీ. అంతే."

ద్రౌపది పిల్లని కొంగులోకి లాక్కుంది.

"అదేం కోరికయ్యా, ముక్కూ మొహం తెలీనివాడివి! ఒకణ్ణి పోగొట్టుకుని ఉన్నాను. నీ దిష్టి తగిలితే?"

"బేరం సరుకు మీద చెయ్యాలి గానీ, పసిపిల్ల మీదా?" అంది రత్తాలు.

ఆయన వంగి, ఆరిపోతున్న కుంపటిని పుల్లతో ఎగదోశాడు.

"నిజమేనమ్మా" అన్నాడు. ముద్దంతా గడప మీద పెట్టి, మిగిలిన పొట్లాలు కూడా వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం పిల్ల తల హాయిగా ఆరింది. తుమ్మకుండా నిద్రపోయింది.

సోమవారం పొద్దున పిల్లని అందుకుంటూనే అంకమ్మ ముసలమ్మ గాలి పీల్చింది.

"గంగయ్య వచ్చి వెళ్ళాడన్నమాట."

"ఆ పొగల బేరగాడా? పాపం, కసిరేశానవ్వా. ఈసారొస్తే పిల్లని ఒళ్ళోనే పెడతాను."

"ఇంకెక్కడొస్తాడే? గిర్మిట్టు కాయితంలో కూలికి రాసిచ్చిన ఏళ్ళన్నీ తీరిపోయాయి. నిన్న సాయంత్రమే సువా రేవుకి పోయే పడవెక్కాడు. అక్కణ్ణుంచి ఓడలో మన దేశానికి."

"మళ్ళీ సరుకు తేవడానికా?"

"సరుకేమిటే? వాడు బేరగాడెప్పుడయ్యాడు? మీరు రాకముందు నీ గదిలో ఉండి, తర్వాత పక్క తోటకి మారినవాడు వాడే. పుట్టబోయే బిడ్డకని వాడి పెళ్ళాం దేశం నుంచి మూటలో కట్టుకొచ్చింది ఆ ముద్ద. కాన్పులోనే తల్లీ పోయింది, పిల్లా పోయింది."

ద్రౌపది వెనక్కి తిరిగి తన గది గడప వంక చూసింది.

"నీకు కావాలని నేనే చెప్పాను. పోయిన పిల్ల సొమ్మంటే నువ్వు ముట్టవని, కొండలన్నీ తిరిగి ఆ బంకలూ తొక్కలూ ఏరాడు. అమ్మడానికొచ్చినవాడిలా వాటి మధ్య పెట్టి ఇచ్చాడు."

సర్దారు కేకేశాడు. ద్రౌపది వంగి పిల్ల మాడు ఒకసారి మూచూసి, చేలోకి నడిచింది.

మీ ఇంట్లో పసిబిడ్డ తల ఆరబెట్టి, ఆ మాడుకి ముక్కు ఆనించినప్పుడు గంగయ్యని ఒక్కసారి తలుచుకోండి. ఆ వాసన ఎలా ఉంటుందో తెలియకుండానే తిరుగు ఓడెక్కిన తండ్రి ఆయన.