పూజ చేసిన సర్వర్

ఊళ్లో కొట్లన్నీ మూతపడ్డాక ఉప్పు నుంచి పాలదాకా ఆ ఒక్క ఆన్‌లైన్ అంగడే దిక్కు. దాని సర్వర్లు చూసే వకుళ, దసరా ఆయుధపూజకని వాటిని కాసేపు ఆపి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ ఆన్ చేసింది. ఉద్యోగంలో చేరిన ఏడేళ్లలో తను చేసిన మార్పులేవీ సేవ్ చేయలేదని, ఆపితే అవన్నీ చెరిగిపోతాయని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంతలో ఆరేళ్ల కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, పాలడిగితే అంగడి నువ్వెవరంటోంది! మా క్లాసులో అందరికీ అంతేనట."

వకుళ పాస్‌వర్డ్ కొట్టింది.

"ఈ పేరుతో ఉద్యోగి ఎవరూ లేరు. మార్పులు రామభద్రయ్యగారే చేయాలి" అంది సర్వర్.

వకుళ గోడకేసి చూసింది. తనకి ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఆయన ఫొటోకి పొద్దున దండ వేసింది తనే.