కారం తగ్గించిన క్యారియర్

“పాలు పడవు, పప్పు పడదు, గోధుమ పడదు, గుడ్డు తింటే ఒళ్ళంతా దద్దుర్లు. ఇంక ఏం తిని బతుకుతోందయ్యా మీ ఆవిడ?” వేరెవరికో కట్టిన క్యారియర్ మూత బిగిస్తూ అడిగింది గరిటెమ్మ.

“అన్నం, సొరకాయ,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ యువకుడు. “కడుపులో గడ్డ తియ్యాలమ్మా. ఒంట్లో ప్రోటీన్ లేదు, ఇప్పుడు కత్తి పెడితే గాయం మానదు, ముందు మనిషిని నిలబెట్టుకుని రమ్మన్నారు డాక్టరుగారు. డబ్బాల్లో పొడులు తెచ్చాను. అవీ పాలతో చేసినవే. ఆసుపత్రిలో ఎవరో మీ గురించి చెప్పారు.”

గరిటెమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఒకప్పుడు పెద్ద హాస్టల్లో వంటమనిషి. ఆమె గరిటె తిప్పిందంటే పిల్లలు కంచాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు అది మానేసి, అది పడదు ఇది పడదు అనేవాళ్ళకి ఇంటి దగ్గరే క్యారియర్లు కడుతోంది. అలాంటివాళ్ళు రోజూ వస్తూనే ఉంటారు. ఆ ‘పడదు’ అనే మాట విన్నప్పుడల్లా ఆమెకు లోపలెక్కడో చురుక్కుమంటుంది. కానీ ఇన్ని దారులూ ఒకేసారి మూసుకుపోయిన మనిషి రావడం ఇదే మొదలు.

ఆ రోజు చేపముక్కలు ముళ్ళు తీసి ఆవిరి మీద ఉడికించి, కాస్త కారం, వేయించిన గుమ్మడిగింజల పొడి చల్లి ఇచ్చింది.

మర్నాడు అతను ఖాళీ క్యారియర్ పట్టుకొచ్చాడు. రాత్రి కునుకు తీసినట్టు లేదు.

“తిన్నదా?”

“అంతా తిన్నదమ్మా. కానీ...” ఆగాడు. “తింటూ తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.”

“అయ్యో, కారం ఎక్కువైందా?”

అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు. “అంతే అయ్యుంటుంది.”

గరిటెమ్మ ప్రాణం ఉసూరుమంది. తింటున్న మనిషిని ఏడిపించడం కంటే పాపం ఇంకోటి లేదనుకుంది. ఆ రోజు నుంచి ఆ క్యారియర్‌కి విడిగా, కారం తగ్గించి వండింది. కొత్తది ఏదైనా ముందు చెంచాడే పంపేది. కడుపు నిమ్మళంగా ఉందని కబురు వస్తేనే మళ్ళీ గిన్నెడు. కోడిమాంసం మెత్తగా ఉడికిస్తే పడింది. నువ్వులు బెడిసికొట్టాయి. ఆ కబురు విన్నరోజు గరిటెమ్మకు ముద్ద దిగలేదు.

కూరలు తరగడానికి వచ్చే తోటికోడలు మాత్రం మూతి తిప్పింది. “అక్కా, అసలా పెళ్ళాం ఉందంటావా? అడ్రసు చెప్పడు, మనం పంపిస్తామన్నా వద్దంటాడు. పెళ్ళాం పేరు చెప్పి తనే లాగిస్తున్నాడేమో! చూడు, బుగ్గలెలా వచ్చాయో.”

“నోరు ముయ్యవే,” అంది గరిటెమ్మ. అన్నదే గానీ, చెవిలో దూరిన పురుగు ఊరుకుంటుందా? అతను రాగానే పట్టుకుంది.

“బాబూ, మీ ఆవిణ్ణి ఒక్కసారి చూస్తాను. మనిషిని చూస్తే ఏం పెట్టాలో ఇంకా బాగా తెలుస్తుంది.”

అతను తడబడ్డాడు. “ఇప్పుడే వద్దమ్మా. ఎవర్నీ చూడనంటోంది.” క్యారియర్ అందుకుని, వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. “మీరు వేళకి తింటున్నారో లేదో అడగమంది.”

“నా తిండి గోల ఆవిడకెందుకయ్యా!” నవ్వింది గరిటెమ్మ. అలా అడిగి ఎన్నాళ్ళయిందో ఎవరైనా. ఆ పూట స్టవ్ కట్టెయ్యగానే కంచం పెట్టుకుని కూర్చుంది.

తోటికోడలు మాత్రం, “మాటలు బాగానే నేర్చాడు,” అని సణిగింది.

చివరికి ఒకరోజు అతను వస్తూనే, “రక్తపరీక్ష బాగా వచ్చిందమ్మా. రేపే ఆపరేషన్,” అన్నాడు. “కొన్నాళ్ళు క్యారియర్ వద్దు.”

గరిటెమ్మ రెండు చేతులూ జోడించింది. సంతోషమే. అయినా ఇల్లు ఒక్కసారిగా బోసిపోయినట్టనిపించింది. అతను మాత్రం కదల్లేదు.

“ఇంత ఓపిగ్గా వండడం ఎక్కడ నేర్చుకున్నారమ్మా?”

ఎవరికీ చెప్పని మాట. ఎందుకో అతనితో చెప్పాలనిపించింది.

“నేర్చుకోవాల్సినప్పుడు నేర్చుకోలేదు బాబూ. నాకో కూతురు. పాలు పడవమ్మా, పప్పు పడదమ్మా అనేది. హాస్టలంతా లొట్టలేస్తుంటే కన్నకూతురు వంకలు పెడుతుందా అని నాకు ఒళ్ళు మండేది. అదంతా నాటకమని తేల్చేద్దామని ఒకరోజు పప్పు మెత్తగా రుబ్బి, కనబడకుండా కూరలో కలిపేశాను.” పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పిల్ల మెలికలు తిరిగిపోయింది. అప్పుడైనా తప్పయిందన్నానా? నేను కలపడం చూసే నటిస్తున్నావన్నాను. ఆ మాటకే ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. పెళ్ళి చేసుకుందని ఎవరో చెప్పగా విన్నాను. ఏ మొహం పెట్టుకుని వెతకను? నా చేతి అన్నం అంటే దానికి భయం. మీ ఆవిడ అదృష్టవంతురాలు, నేనెవరో తెలియక తింటోంది.”

అతని కళ్ళు చెమర్చాయి.

“మొదటి ముద్దకే మీ చెయ్యి గుర్తుపట్టింది, అత్తయ్యా.”