సరిపోలని డిస్కు

“మళ్ళీ సరిపోలలేదు పెద్దాయనా. మీ డిస్కు పాడైనట్టే,” అన్నాడు ఇవాకిరి. పాత వీడియో ఆటల డిస్కులకు మక్కీకి మక్కీ నకలు తీసి, లోకంలోని మిగతా నకళ్ళతో సరిచూసి దాచడం ఒసాకాలో అతని పని.

షిగెనో తన మొగుడు తొకుజి వైపు తిరిగింది. “‘ఈ ఆటకి సంగీతం నాదే, నా పేరు కూడా వేశారు’ అన్నారు మీరు. ఎవరి డిస్కులోనూ మీ పేరు లేదు. మన డిస్కులో చూపించమంటే ఆట ఆడే పెట్టె చెడిపోయిందన్నారు. ఇప్పుడు డిస్కూ చెడింది. అన్నీ మీకు భలే కలిసొస్తాయండీ.”

“ఇంకో డ్రైవులో పెట్టి చూడు నాయనా,” అన్నాడు తొకుజి, టీ చప్పరిస్తూ.

ఇవాకిరి డిస్కు తుడిచి రెండో డ్రైవులో పెట్టాడు. నకలును సరిచూసే అంకె ఇందాకటిదే వచ్చింది. మూడోదాంట్లోనూ అదే. అతను కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“గీతలు పడ్డ డిస్కు ఒక్కో డ్రైవుకి ఒక్కో అబద్ధం చెబుతుందమ్మా. ఇది అన్నిటికీ ఒకటే మాట చెబుతోంది. పాడవలేదు. ఇది వేరే అచ్చు, లోపలి తేదీ చూస్తే అందరి దగ్గరా ఉన్నదానికన్నా ముందుది.”

నకలును తెర మీద ఆడించి, చివరి పేర్ల దగ్గర ఆపాడు. సంగీతం: కురహాషి తొకుజి.

“నేను కంపెనీతో పోట్లాడి మానేశాక నా పేరు తీసేశారు,” అన్నాడు తొకుజి.

షిగెనో ఆ పేరును చాలాసేపు చూసింది. కాపురానికి వచ్చింది మొదలు ఆయన చెప్పిన కోతలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

“అయితే హొక్కైడోలో ఎలుగుబంటితో కుస్తీ పట్టానన్నదీ...?”

తొకుజి టీ కప్పు కింద పెట్టాడు.

“దానికి డిస్కు లేదుగా.”