దొరగారి వివరాలు

"సర్వర్‌కి ఊపిరాడనివ్వనిది ఈ దొరగారే బాబాయ్," అంది ఇంజనీరమ్మ, తెర మీద ఒక ముసలి కుక్క ఫొటో చూపిస్తూ.

కుక్కల ఆశ్రయం వెబ్‌సైటులో వెతుకులాట నత్తనడక నడుస్తోందని ఫిర్యాదులు రావడంతో ఆమె పొద్దున్నే వచ్చి కూర్చుంది. పెంచుకోవాలనుకునేవాళ్ళు అందులో వెతికి, నచ్చిన కుక్కను అడిగి తీసుకెళ్తారు. ఏ కుక్క వివరాలు మార్చి సేవ్ చేసినా సర్వర్ వెతుకులాటకు వాడే తన సూచికను మళ్ళీ రాసుకోవాలి. ఆ మార్పుల్లో సగానికి పైగా ఈ ఒక్క కుక్కవే.

కుక్కల్ని సాకే పెద్దాయన బల్ల పక్కన గోళ్ళు గిల్లుకుంటూ నిలబడ్డాడు. వివరాలు ఎక్కించేదీ ఆయనే. దొరగారు ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి గురక పెడుతున్నారు. ఆ దర్జా చూసే ఆ పేరు పెట్టారు.

ఏమిటా మార్పులని ఆమె చూసింది. 'వానంటే భయం' అని రాసి, 'కాస్త భయం' అని దిద్ది, మళ్ళీ 'కాస్త' తీసేశాడు. ఒక చుక్క పెట్టడం, తీయడం. టీ తాగొచ్చి మళ్ళీ పెట్టడం.

"ఎంత రాసినా కుదరట్లేదమ్మా," అని నసిగాడు.

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే జాలేసింది. ముసలి కుక్కను ఎవరు తీసుకెళ్తారని పాపం ఈయన తాపత్రయం. మీరే పెంచుకోవచ్చుగా అంటే, ఉండేది అద్దె గది, ఇంటివాళ్ళు పిల్లినే రానివ్వరన్నాడు.

మధ్యాహ్నానికి అసలు సంగతి బయటపడింది.

"ఏమీ అనుకోకండి బాబాయ్. మీరు సేవ్ కొట్టిన ప్రతిసారీ సర్వర్ పాత వివరాలు చెరిపేస్తోంది. కొత్తవి ఎక్కేదాకా దొరగారు వెతికినా దొరకరు. మీరేమో ఎక్కేలోపే మళ్ళీ కొడుతున్నారు. అందుకే ఇన్నాళ్ళూ వీరిని ఎవరూ అడగలేదు."

పెద్దాయన తలొంచుకున్నాడు. చేజేతులా చేసుకున్నానని కుమిలిపోతున్నాడనుకుంది. ఆ ముసలి ప్రాణానికి ఒక ఇల్లు దొరక్కపోతే తనకూ నిద్ర పట్టదనిపించి, భోజనం మానేసి పని పట్టుకుంది. మార్పులన్నీ పోగై ఒకేసారి ఎక్కేలా, కొత్తవి సిద్ధమయ్యేదాకా పాతవి చెరగకుండా అమర్చింది. సాయంత్రానికి వెతుకులాట చకచకా సాగింది. నెమ్మదైన కుక్క కావాలని వెతికితే ముందు వరసలో దొరగారే.

"ఇక మీరెన్నిసార్లు దిద్దినా పర్లేదు. వీరు అందరికీ కనబడతారు."

అంతలో ముందు గదిలో ఫోన్ మోగితే ఆమే వెళ్ళి తీసింది. పిల్లలున్న ఇల్లట, పెద్ద పెరడట, ముసలి కుక్కయినా సరేనట, రేపొచ్చి దొరగారిని తీసుకెళ్తారట. ఆమె సంతోషంగా పరుగున వచ్చి ఆ కబురు చెప్పింది.

పెద్దాయన కింద కూర్చుని దొరగారి చెవి నిమిరాడు. కళ్ళు నిండిపోయాయి. అది చూసి ఆమె కళ్ళూ చెమర్చాయి. థాంక్స్ చెప్పబోతున్నాడనుకుని, పర్లేదు అనబోయింది. ఆయన తలెత్తి మెల్లగా అడిగాడు.

"మళ్ళీ పాతలాగే మాయమయ్యేట్టు చెయ్యలేవా, తల్లీ?"