దలాలు లేని కిరాయి

ఆ పొద్దు ఆకాశానికి బూడిద పూసినట్టుంది. సూర్యుడు ఉన్నాడో లేడో తెలియలేదు.

చంద్రపూర్‌ను అందరూ చాందా అనే రోజులు. పక్కనున్న రాజురా తాలూకా హైదరాబాదు రాజ్యం నుంచి విడిపోయి బొంబాయి రాజ్యంలో కలిసి మూడు నెలలైంది. ఆఫీసు కాగితాలన్నీ మరాఠీలోకి మారాయి. లారీవాళ్లకు అవి చదివి చెప్పేది దలాలు ప్రహ్లాద్ ఒక్కడే. కిరాయిలు కుదిర్చేదీ, నడుమ కమీషను తీసుకునేదీ అతనే.

రాజురా పోశన్న చాందా లారీ అడ్డాలో టైర్లు తట్టి చూసుకుంటున్నాడు. అన్నీ అరిగిపోయాయి. ఈ ఎండాకాలం నికరమైన పని దొరక్కపోతే లారీ అమ్ముకోవాల్సిందే.

ఛత్రీ పట్టుకున్న ముసలాయన ఒకాయన దగ్గరికొచ్చాడు.

"లారీ నీదేనా తమ్మీ?"

"నాదే."

"లాల్‌పేట్ గని నుంచి కోర్పనాకు బొగ్గు తోల్తవా? సున్నపు బట్టీకి. ఏడాది పని."

"ప్రహ్లాద్ సేటునడుగు."

"నడుమ దలాలెందుకు? ఆయన నలభై ఇస్తడట. ట్రిప్పుకు అరవై, నీ చేతుల్నే పెడ్త."

పోశన్న అరిగిన టైరు వైపు చూశాడు. అరవై.

అంతలోనే ఇదే అడ్డాలో లారీ నడిపిన ఎర్రయ్య గుర్తొచ్చాడు. పోయిన నెల ఎవరో ఇట్లాగే వచ్చి, దలాలు లేకుండా కిరాయి ఇస్తానన్నాడు. ఎర్రయ్య సరేనన్నాడు. వచ్చినవాడు, పరీక్షించడానికి ప్రహ్లాద్ పంపిన అతని బామ్మర్ది. సాయంత్రానికి, కిరాయిల వంతు రాసే దలాలు పలక మీద ఎర్రయ్య లారీ నంబరు లేదు. మళ్లీ ఒక్క కిరాయి దొరకలేదు. లారీ అమ్ముకున్నాడు.

"ఎవడు పంపిండు నిన్ను?" అన్నాడు పోశన్న.

"ఎవరు పంపుతరు?"

"ఎర్రయ్యకు గిట్లనే చెప్పిండ్రు."

"ఎర్రయ్యెవరు?"

పక్క లారీలోంచి మల్లేశం పకపకా నవ్వాడు. "అబ్బబ్బ! ఏం నాటకమే! ఈపాలి ముసలోన్ని పంపిండురో సేటు."

"నిజంగనే అడుగుతున్న బిడ్డా. రేపటి దాక సత్రంల ఉంట. ఆలోచించుకో."

"ఆలోచించుడేం లేదు. దలాలు లేంది మా లారీ కదలది. పో కాకా, పో."

ముసలాయన ఛత్రీ విప్పుకుని వెళ్లిపోయాడు.

పోశన్న నేరుగా ప్రహ్లాద్ కొట్టుకు నడిచాడు.

"సేట్, ముసలాయన వచ్చిండు. నేనొప్పుకోలే."

వక్కలు కత్తిరిస్తున్న ప్రహ్లాద్ చెయ్యి ఆగింది.

"ఏమేమన్నడు? ఒక్క మాట ఇడవకుండ చెప్పు."

పోశన్న అంతా చెప్పాడు. బొగ్గు, బట్టీ, సత్రం.

"శాబాష్ పోశన్నా! మనిషంటే నువ్వు. చాయ్ తాగు."

పలక మీద పోశన్న నంబరు అన్నిటికంటే పైకెక్కింది.

నాలుగోనాడు ప్రహ్లాద్ పిలిచాడు. "లాల్‌పేట్ నుంచి కోర్పనాకు బొగ్గు. ఏడాది పని. ట్రిప్పుకు ముప్ఫై అయిదు."

"నలభై గద సేట్?"

"ఏడాది పనికి గంతే."

లారీ మిగిలింది, అదే చాలనుకున్నాడు పోశన్న.

కోర్పనాలో బట్టీ దగ్గర లారీ ఆపేసరికి మధ్యాహ్నం. తలకు తువ్వాల చుట్టుకుని కూలీలకు జొన్నరొట్టెలు పంచుతున్నాడు ఆ ముసలాయనే.

"ఏం కాకా, సేటు నిన్ను ఈడ గూడ కావలి పెట్టిండా?" పోశన్న నవ్వాడు.

"కాళ్లు చేతులు కడుక్కో. తిందువు."

కూలీల వరసలో మసి మొహంతో ఎర్రయ్య కనిపించాడు.

"నువ్వేందే ఈడ?"

"అడ్డాల నా పేరు ఎవరో అన్నరట. ఇల్లు ఎతుక్కుంట వచ్చి పనిచ్చిండు." ఎర్రయ్య గడ్డంతో ముసలాయనను చూపించాడు.

పోశన్న నవ్వు ఆగిపోయింది.

"కాకా, నిన్ను ప్రహ్లాద్ పంపలే?"

"అప్పటి దాక ఆయన మొహం నేనెన్నడు చూసిన? నువ్వు పొమ్మన్ననాడు మాపటికి సత్రానికొచ్చిండు. దలాలు లేంది మీరు కదలరని నువ్వే అంటివి. ఆ అరవై ఆయనకే ఇస్తనని ఏడాదికి కాగితం రాసిచ్చిన."

"అరవైయా?"

"ఏం, నీకు ముట్టలేదా?"

పోశన్న ఎర్రయ్య పక్కన కూలబడ్డాడు.

బట్టీ యజమానైన ఆ ముసలాయన ఇద్దరి చేతుల్లో రొట్టెలు పెట్టి, తనూ ఒకటి తీసుకుని వాళ్లెదురుగా నేల మీద కూర్చున్నాడు. ముగ్గురూ కలిసి తిన్నారు.