నీటి మీది కొమ్మ

"నీటి మీదికి వంగిన కొమ్మ గూడు బాగా అల్లినవాడిదే. నావాడు, పరాయివాడు అని చూడను." కిందటి వానాకాలం తుమ్మచెట్టు సభలో పెద్ద గిజిగాడు ఇచ్చిన మాట ఇది.

ఈ ఏడు ఆ కొమ్మ అతని కొడుక్కే దక్కింది. వాడు అల్లిన గూటి పోచలు చిన్న గాలికే విడిపోతున్నాయి. పోచపోచా ముడివేసి అల్లిన పసుపుతల అనే కుర్ర గిజిగాడికి మాత్రం మొదలు దగ్గరి కొమ్మ మిగిలింది. అక్కడికి పాము సులువుగా పాకుతుంది. అందుకే ఆడపిట్టలు అతని పనితనాన్ని మెచ్చుకుని, నీటి మీది గూటికే ఎగిరిపోయాయి.

కడుపు మండిన పసుపుతల ఈ ఏటి సభలో పెద్ద గిజిగాడిని నిలదీశాడు.

"పెదనాన్నా! సమానత్వం వర్ధిల్లాలని మొదట అరిచింది మీరే. సభలో సమానత్వం, ఇంట్లో వారసత్వమా?"

"సభలో మాట్లాడేది నోరురా అబ్బాయ్, ఇంట్లో మాట్లాడేది కన్నపేగు. దేని ధర్మం దానిదే. అయినా నీ ఏడుపు న్యాయం కోసమా, కొమ్మ కోసమా?"

పిట్టలన్నీ కిచకిచా నవ్వాయి.

"కొమ్మ కోసమే! మీవాడి గూడు చూస్తే నాకు గింజ మింగుడుపడదు. అసూయ నాది, ఒప్పుకున్నాను. తప్పిన మాట మీది, మీరూ ఒప్పుకోండి. గుడ్లు పెట్టే రోజులొస్తున్నాయి. ఆషాఢ అమావాస్యలోగా నాకు జవాబు కావాలి."